ఇటుక కమానుల మీద ఎర్రజెండా

"బిడ్డా, మీ మామ పోయిండు. అన్నం తిని పండుకున్నోడు లేవలే." పొద్దున్నే కథలాపూర్ నుంచి అత్తమ్మ ఫోన్.

మా మేనమామ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక ఊరు చేరాడు. మా కోరుట్ల వైపు మగవాళ్లు దుబాయి దారి పడితే, ఈయన పట్నంలో పట్టాల దారి పట్టాడు. ఆయన చూసుకునే లైను ఒక పార్కు మీదుగా, నిజాం కాలం నాటి ఇటుక కమానుల వంతెన ఎక్కి పోయేది. కింద పిల్లలు ఉయ్యాలలూగుతుంటే పైన బండి పోయేది. ఆయనింట్లో ఉండి చదువుకునే నాకు ఆ కమానుల కింద నడవాలంటే గుండెల్లో గుబులు. ఇటుకల్లోంచి సన్నటి ఎర్రదుమ్ము రాలేది. మామ మాత్రం దాటిన ప్రతిసారీ, పక్కింటి ముసలమ్మను పలకరించినట్టు గోడకు అరచెయ్యి ఆనించేవాడు.

తెలంగాణ కోసం రైలు రోకో చేసిన రోజు, మా బస్తీ ఆడవాళ్లం వంతెన మీద బతుకమ్మ ఆడాలనుకున్నాం.

"ఆడుండ్రి, ఎవలొద్దన్నరు? గని కిందికి దిగి ఆడుండ్రి. మీద పక్కకు జరుగ జాగ లేదు" అన్నాడు మామ.

వింటే కదా! బండ్లన్నీ బందని పొద్దున్నే చెప్పారు మరి. ఆయన ఎర్రజెండా పట్టుకుని, వంతెనకు ముందు లైను తిరిగే వంపు అవతల పట్టాల మీద పటాకలు బిగించి వచ్చాడు. చక్రం ఎక్కితే పేలి, డ్రైవరును హెచ్చరించేవి అవి. కుర్రాళ్లు నవ్వారు.

"బండ్లు బందైనంక గివెందుకు కాకా?"

"బందైందని పట్టాలకు ఎవలు జెప్పిండ్రు?"

పాట ఊపందుకుంది. చప్పట్లలో ఇంకేమీ వినబడలేదు. ఉన్నట్టుండి నా అరికాళ్ల కింద ఏదో సన్నగా వణికింది. పక్కనామె పాట ఆపి నా వంక చూసింది. అంతలో వంపు అవతల రెండు పేలుళ్లు. పోలీసులు కాల్చారనుకుని అందరం కకావికలమయ్యాం. పక్కన పిట్టగోడ లేదు.

"ఉరుకకుండ్రి! ఒకలి చెయ్యి ఒకలు వట్టుకోండ్రి!"

మామ గొంతు అది. ఆ గొంతు పట్టుకునే, చెయ్యీ చెయ్యీ కలిపి నడిచి దిగాం. ఎక్కడో ఆగిన బండిని లాగడానికి ఒంటి ఇంజను పంపారట. ఆ పటాకలు లేకపోతే ఇవాళ ఇది రాయడానికి నేను లేను. ఆ మాట ఎన్నిసార్లన్నా "నా పనేనాయె బిడ్డా" అనేవాడు మామ.

ఆ రోజు దిగాక వెనక్కి చూశాను. ఇంజను కీచుమంటూ వచ్చి వంతెన మొదట్లో ఆగింది. మేం వదిలేసిన బతుకమ్మ పక్కన, పట్టాల నడుమ మామ ఒక్కడే జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను ఆగినా దాని గురగుర ఆగలేదు. ఆ అదురుకు బతుకమ్మ మీది తంగేడు పూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.