నాచారంలో లేని దగ్గు

పాఠక మహాశయులారా, మా సార్ పోయారు. ఉప్పల్ మెట్రో కింద బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోనొచ్చింది. "తమ్మీ, మీ సార్ పొద్దుగాల పాణం ఇడిసిండు" అన్నాడు మా ఆఫీసు దగ్గరి చాయ్ కొట్టు అన్న. అలవాటు కొద్దీ ఏదో జోకేద్దామని నోరు తెరిచాను. ఏదీ రాలేదు. నన్నెరిగినవాళ్ళకు ఇది కూడా ఒక మరణవార్తే.

సార్ పనేమిటో చెబితే పెళ్ళిసంబంధాలు వెనక్కి పోయేలా ఉంటుంది. మనలాంటి దేశాల్లో వైద్య పరిశోధన ఎంత జరుగుతోంది, దాన్ని ఎలా కొలవాలి అన్నది ఆయన జీవితం. నాచారంలో పిండిగిర్ని పైన రెండు గదుల ఆఫీసు. సార్ అధిపతి, నేను సమస్త సిబ్బంది. ఇద్దరి నెత్తి మీదా పిండి.

ఒక పరిశోధన వ్యాసాన్ని పన్నెండు మంది కలిసి రాస్తే, అందులో మన దేశంవాడు ఒక్కడే అయితే మన వాటా ఎంత అని చేరిన కొత్తలో అడిగాను. సార్ నా చేతిలో బిస్కెట్ లాక్కుని, చిన్న పలుకు విరిచి నాకిచ్చి, మిగతాది తన చాయ్‌లో ముంచుకున్నారు. "మనకు గింతే దక్కుతది బిడ్డా. తిను."

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ షిఫ్టు వదిలారు. చాయ్ కొట్టు దగ్గర కార్మికులు ఒకరి తర్వాత ఒకరు దగ్గుతున్నారు. సార్ సంచిలోంచి ఒక పలచటి వైద్య పత్రిక తీశారు. ఇక్కడే క్లినిక్ నడిపే డాక్టరొకాయన ఇదే దగ్గు మీద ఏళ్ళ తరబడి రోగులను చూసి రాసిన వ్యాసం అందులో ఉంది. పరిశోధనలను లెక్కగట్టే విదేశీ జాబితాలకు అలాంటి పత్రిక ఒకటుందనే తెలియదు.

"సూసినవా, ప్రపంచం లెక్కల నాచారంల దగ్గే లేదు" అన్నారు సార్.

"మరి వీళ్ళెందుకు దగ్గుతున్రు సార్? జాబితా సూసుకోలేదా?"

సార్ నవ్వలేదు. పక్కన వంగిపోయి దగ్గుతున్నాయనకు మంచినీళ్ళ గ్లాసు అందించి, ఆ దగ్గు తగ్గేదాకా వీపు మీద చెయ్యి తీయలేదు. చిన్న పత్రికలను కూడా కలిపి కొలిచిన మా ఆఖరి వ్యాసం ఆ రోజే మొదలైంది.

ఆయనకొక మొండి నియమం ఉండేది. అడిగితే జవాబు చెప్పలేనివాడి పేరు వ్యాసం మీద ఉండకూడదు. ఒక పెద్దమనిషి, అక్షరం రాయకుండానే, తన పేరు కలపమని వచ్చాడు. "నా పేరుంటే మీకే ఇజ్జత్" అన్నాడు. "రేపు ఎవరన్న సవాలడిగితే నువ్వు జవాబిస్తవా అన్నా?" అన్నారు సార్. ఆ పెద్దమనిషి చాయ్ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ చాయ్ వృథా కాకుండా నేను చూసుకున్నాను.

సార్ పోయాక, మేము వ్యాసం పంపిన పత్రికవాళ్ళు అడిగారు: ఆయన పేరు ఉంచుతారా, తీసేస్తారా? నియమం ప్రకారం తీసెయ్యాలి. పోయినవాడు జవాబేం చెబుతాడు? కానీ తీసేస్తే, లోకంలో లెక్కకు రాని పరిశోధనల కోసం బతికిన మనిషి తానే లెక్కలోంచి పోతాడు.

రాత్రుళ్ళు ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఆన్‌లైన్‌లో ఒకే ఫైల్లో రాసేవాళ్ళం; ఎవరు ఫైల్ తెరిస్తే వాళ్ళ పేరుతో ఒక గీత కనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం ఆఫీసులో తెరిచి చూద్దును కదా, మూడో పేజీలో సార్ పేరుతో ఆకుపచ్చ గీత మిణుకుమంటోంది. ఆయన ఫైల్లో ఉన్నారు. దయ్యాలు లేవన్న నా శాస్త్రీయ దృక్పథం మెట్లు దిగి పారిపోయింది. చిల్కానగర్‌లో ఉన్న సార్ భార్యకు ఫోన్ చేశాను.

"ఆంటీ, సార్ కంప్యూటర్ బందు జెయ్యలేదా?"

"లే బిడ్డా. గాయన కుర్సీలకెల్లి లేసిన కాడికెల్లి గట్లనే ఉన్నది. తెర ఆరిపోబోతే జర ముట్టి వస్తున్న. బందు జేద్దామంటే చెయ్యి రాలే." అంతలోనే అడిగింది: "నీ పనికి అడ్డమైతున్నదా?"

"లేదాంటీ. ఉండనియ్యుండ్రి."

పత్రిక తరఫున వ్యాసం పరీక్షించినవాళ్ళ మొదటి ప్రశ్న, ఎవరూ గుర్తించని చిన్న పత్రికలను ఎందుకు కలిపారని. గంభీరమైన వాక్యాలు చాలా రాశాను, చెరిపాను. చివరికి ఒకటే మిగిలింది: 'వాటిని వదిలేస్తే, ప్రపంచం లెక్కలో నాచారంలో దగ్గే ఉండదు.'

రాశాక చూస్తే, అది సార్ మాటే. వాళ్ళు అడిగారు. సార్ జవాబు చెప్పారు. పేరు ఉంచాను.

కింద షిఫ్టు వదిలారు. కిటికీలోంచి దగ్గు వినిపిస్తోంది. తెర మీద ఆకుపచ్చ గీత మాయమైంది. నేను ఫైల్ మూయకుండా కూర్చున్నాను. కొంతసేపటికి, చిల్కానగర్‌లో ఒక చెయ్యి తాకినట్టుంది, మూడో పేజీలో అదే చోట మళ్ళీ వెలిగింది.