మూడో రోజు కలిపిన పంచ్

ఆ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకు ఇరవై నాలుగేళ్లు నిండేసరికే లోకంలో తెలుసుకోవాల్సినవన్నీ తెలిసిపోయాయి. ఇంకా ఏవైనా మిగిలి ఉంటే అవి తెలుసుకోదగ్గవి కావని ధైర్యంగా చెప్పేవాణ్ని. సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో చేరి అప్పటికి ఏడు నెలలు. బన్సీలాల్‌పేట్‌లో రెండు గదుల ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కోపం రాదు, పైగా కాస్త అసూయ కూడా వేస్తుంది. వాడికున్న నమ్మకంలో నాలుగో వంతు కూడా ఇప్పుడు బజార్లో వంకాయలు ఏరేటప్పుడు నాకు ఉండటం లేదు.

ఆఫీసులో నన్ను 'పాల ప్యాకెట్' అనేవారు. ఎవరింట్లో పార్టీ అయినా నేను కూల్‌డ్రింకు పట్టుకుని మూల కూర్చోవడం వల్ల వచ్చిన బిరుదు అది. పెట్టింది మా సీనియర్ గడ్డం అన్న. ఆయన అన్నా భరించేవాణ్ని గానీ, ఒకరోజు టిఫిన్ల దగ్గర కాప్రా అమ్మాయి కూడా ఆ పేరుతో పిలిచేసరికి నా పౌరుషం పొంగింది. ఆ అమ్మాయి మా పక్క సీటు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి కాప్రాలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. "మా అమ్మమ్మ క్రిస్మస్‌కి నెల ముందే ద్రాక్ష వైన్ పెడుతుంది. జాడీకి గుడ్డ కట్టి, రోజూ ఓసారి కలుపుతుంది. ఎంత ఓపికో!" అని చెబుతోంది. నేను ఆగలేకపోయాను. "మా ఇంట్ల సుత చేస్తరు. ఒక్క ద్రాక్షతోని కాదు, అన్ని పండ్లతోని. పంచ్ అంటరు. మా తాతల నాటి నుంచి ఉన్నది," అనేశాను. (మా తాత తోపుడు బండి మీద జామకాయ తప్ప వేరే పండు కొనగా చూసినవారు లేరు.) "అయితే ఆదివారం మధ్యాహ్నం అందరం మీ ఇంటికే," అంది కాప్రా అమ్మాయి. నా లెక్క సులభమైనది. ఆదివారం పంచ్ కుదిరితే ఆ అమ్మాయి మనసు కూడా కుదురుతుంది. ఆ రోజుల్లో నాకు అంతకు మించిన పని ఇంకోటి లేదు.

ఫోన్లో వీడియోలు చూశాను. పండ్ల ముక్కల్లో వైన్ పోసి రెండు గంటలు నాననివ్వమని అందరూ ఒకేలా చెప్పారు. రెండు గంటలకే రుచి వస్తే మూడు రోజులకు ఎంత రావాలి? ఇంత చిన్న విషయం ఆ వీడియోల వాళ్లకెవరికీ తట్టలేదని జాలిపడ్డాను. శుక్రవారం మోండా మార్కెట్‌కు పోయి అనాసపండు, సంత్రాలు, నల్లద్రాక్ష, ఆపిల్, దానిమ్మ తెచ్చాను. మూడు సీసాల ఎర్ర వైన్ ఆఫీసు బ్యాగులో ఇల్లు చేరింది. ఫ్రిజ్ నిండా ఇడ్లీ పిండి. అందుకని అటక మీది పెద్ద జాడీ దించి, ముక్కలు వేసి, అమ్మ గుడికి పోయిన సమయం చూసి సీసాలు వంచేసి, తెల్లగుడ్డతో మూతి కట్టాను. అమ్మ వచ్చి జాడీ చూసింది.

"ఏందిరా ఇది?"

"తొక్కమ్మా," అన్నాను. మా ఇళ్లల్లో ఊరగాయను తొక్కు అంటాం. జాడీ ఎదురుగా ఉంటే ఇంకే అబద్ధం తడుతుంది?

"సంత్రపండుతోని తొక్కా! ఇదేం వాసన?"

"సిర్కా పోసిన. దోస్తులు ఆదివారం వస్తున్నరు, కొత్త రకం తినిపిస్తా. నువ్వైతే పరేషాన్ గాకు."

సిర్కా అంటే వెనిగర్. అమ్మ నమ్మేసింది. కొడుకు మొదటిసారి వంటింట్లో చెయ్యి పెట్టినందుకు ఆమె ముఖంలో సంతోషం కనపడింది. నాకు మాత్రం నా తెలివి మీద నాకే ముచ్చటేసింది.

తొక్కు విషయంలో మా అమ్మకు కొన్ని పట్టింపులు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. తలకు పోసుకోకుండా జాడీ ముట్టదు. ఎంగిలవుతుందని రుచి చూడదు. చేత్తో కొలిచి వేసిందంటే అదే కొలత. అన్నిటికంటే ముఖ్యమైనది, పెట్టిన మూడో రోజు జాడీ విప్పి అడుగు నుంచి కలపాలి, ఉప్పు కారం సరిచేయాలి. ఇరవై నాలుగేళ్లు ఆ చేతి తొక్కు తిని పెరిగిన నేను ఈ ఒక్కటి మరిచిపోయాను. శుక్రవారం పెట్టినదానికి ఆదివారం మూడో రోజు.

ఆదివారం పొద్దున నేను ఐసుకూ సోడాలకూ పోయి వచ్చేసరికి ఇల్లంతా ఎల్లిగడ్డ పోపు వాసన. పప్పు చేసిందనుకున్నాను. మధ్యాహ్నం గడ్డం అన్న, కాప్రా అమ్మాయి, ఇంకో నలుగురు వచ్చారు. జాడీని రెండు చేతులా ఎత్తుకొచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాను. గ్లాసులు వరసగా పేర్చాను. "తాతల నాటిది," అని మరోసారి గుర్తుచేసి, ముడి విప్పి, గుడ్డ తీశాను. పైన వేలెడు మందాన నూనె తేలుతోంది. కింద కారం పట్టిన అనాస ముక్కలు, వాటి నడుమ ఎల్లిగడ్డ రెబ్బలు, మెంతిపిండి. గడ్డం అన్న వంగి చూసి, "అరే పాల ప్యాకెట్, ఇది పంచా, పులుసా?" అన్నాడు.

"అమ్మా! ఏం కలిపినవే దీంట్ల? నిన్నెవరు ముట్టుకొమ్మన్నరు?" అని అరిచాను.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మూడో రోజు కదరా, కలపకుంటె బూజు పడ్తది. ఉప్పుడబ్బ జూస్తె ఎక్కడిదక్కడనే ఉన్నది. మరిచినవనుకొని నేనే ఏసిన. కారం సుత లేకుండె. ఎందుకురా, ఎక్కువైందా?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ, "మా అమ్మకు గివన్నీ తెల్వయ్," అన్నాను. ఈ కథంతా ఎన్నిసార్లు చెప్పినా నాకు నవ్వొస్తుంది, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది. అమ్మ ఒక్కొక్కరి ముఖమే చూస్తూ, తను చేసిన తప్పేమిటో అర్థంకాక అక్కడే నిలబడిపోయింది.

నవ్వనిది కాప్రా అమ్మాయి ఒక్కతే. "ఇది తొక్కు అని ఆంటీకి ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"నేనే," అన్నాను. ఆ తర్వాత దాచడానికేమీ లేదు. పంచ్ అనీ, వైన్ అనీ, తాతల నాటిది కాదు శుక్రవారం నాటిదనీ, సిర్కా ఉత్తమాటనీ అన్నీ చెప్పేశాను.

అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "వైనా? గింతదానికి అబద్ధమెందుకురా? బోనాల పండుగకు మీ తాత కల్లు ముంత లేంది బంతిల కూసోకపోతుండె. ముందే చెప్తే ఉప్పుకు బదులు చక్కెర ఏద్దును కదా!" అంది. ఆమె బాధంతా చక్కెర గురించే. మూడు రోజులు నేను ఎవరి నుంచి దాచానో వాళ్ల దగ్గర దాచాల్సిన అవసరమే లేదు.

"ఆంటీ, అన్నం ఉందా?" అని కాప్రా అమ్మాయి లేచింది. వేడన్నంలో ఆ ముక్కలు వేసి అమ్మే అందరికీ కలిపి పెట్టింది. చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉంది. పులుపు, తీపి, కారం, వెనకాల ఎక్కడో వైన్ వగరు. గడ్డం అన్న మూడుసార్లు వడ్డించుకున్నాడు. (మొహమాటానికి రెండు ముక్కలు తిన్న అమ్మ ఆ మధ్యాహ్నం మహా సుఖంగా నిద్రపోయింది. వైన్ వల్లనో, అలసట వల్లనో నేను అడగలేదు.)

పోయేటప్పుడు కాప్రా అమ్మాయి గేటు దగ్గర ఆగింది. అంతా సర్దుకుందనే నా నమ్మకం. "పంచ్ పాడైతే ఏం పోయింది! అబద్ధం కూడా ఎవరైనా ఆడతారు. వాళ్లంతా మీ అమ్మగారిని చూసి నవ్వుతుంటే నువ్వూ నవ్వావు చూడు, అది నాకు నచ్చలేదు," అని చెప్పి స్కూటీ ఎక్కింది. లోపలికి వచ్చి ఎంగిలి పళ్లేలన్నీ నేనే కడిగాను.

రెండేళ్లకు ఆ అమ్మాయికి పెళ్లయింది. అమ్మను వెంటబెట్టుకుని నేనూ పోయాను. కానుకగా అమ్మ పెద్ద సీసా నిండా అనాస తొక్కు పట్టుకొచ్చింది. అది ఇప్పుడు మా ఇంట్లో ఏటా పెట్టే తొక్కు. "జెర ఆ నీ సిర్కా తేపోరా," అని నన్నే వైన్ షాపుకు పంపిస్తుంది. పంచ్ కూడా నేర్చుకున్నాను. రెండు గంటలే నానబెడతాను, అడిగినవాళ్లకు వైన్ అనే చెబుతాను. సికింద్రాబాద్‌లో నా అంత బాగా చేసేవాళ్లు తక్కువని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. (మా ఆవిడ ఇది చదువుతుంది కనుక, ఆమె ఎదుట ఇదివరకే ఒప్పుకున్న విషయాలు తప్ప ఇందులో కొత్తవేమీ లేవని మనవి.)

ప్రతి డిసెంబరులోనూ కాప్రా అమ్మాయి ఫోన్ చేస్తుంది. నా నంబరుకే చేస్తుంది. "బాగున్నావా? ఆంటీకి ఇవ్వు," అంటుంది. ఇస్తాను. అమ్మ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని మొదలుపెడుతుంది. మెంతులు ఎంత వేయించాలి, పిల్లలు ఏం చదువుతున్నారు, మోకాళ్లు ఎట్లున్నాయి అంటూ అరగంటైనా వదలరు. ఏదో పని ఉన్నట్టు నేను ఆ గదిలోనే పేపర్లు సర్దుతూ ఉంటాను. అరగంటలో నా పేరు ఒక్కసారి కూడా రాదు.