రెక్క కూర్చోని శనివారం

ఫిబ్రవరి 15, శనివారం. సాయంత్రం నాలుగు గంటలు. యాకుత్‌పురా, మా ఇంటి మేడ. హాజరైనవారు: నేను, నా భార్య, నా తమ్ముడు, వెనక గల్లీలో పాల వ్యాపారం చేసే నా మిత్రుడు. పని: రిమోట్‌తో ఎగిరే మా విమానానికి రెక్క బిగించడం.

డైరీలో ఆ రోజు పుట ఇలా మొదలవుతుంది. ఉద్యోగమంతా సర్వే శాఖలో పటాలు గీస్తూ గడిపినవాణ్ణి. కొలత మొదలుపెట్టే ముందు ఎవరెవరున్నారో రాసుకోవడం అక్కడ పట్టుబడిన అలవాటు.

ఆ విమానం మిత్రుడిదీ నాదీ. చిన్నతనంలో పతంగులు కలిసి ఎగరేశాం. అతను నాకంటే ఆరేళ్ళు చిన్న. గాలి సంగతి అతని వేళ్ళకు తెలుసు, కొలతల సంగతి నాకు తెలుసు. నేను రిటైరయ్యాక, బెండులా తేలికగా ఉండే చెక్క తెప్పించి పని మొదలుపెట్టాం. పద్నాలుగు నెలలు పట్టింది. మా మధ్య ఒకటే మాట: మొదటిసారి ఎగిరేటప్పుడు రిమోట్ అతని చేతిలో ఉంటుంది, విమానాన్ని గాలిలోకి విసిరేది నేను. నిజం చెప్పాలంటే ఆ ఒక్క విసురు కోసమే అన్ని నెలలూ ఆ చెక్కను గీకాను. మరునాడు ఆదివారం పొద్దున్నే మలక్‌పేట దాటి ఒక ఖాళీ మైదానానికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాం.

రెక్క విమానం వీపు మీద ఒక గాడిలో కూర్చుంటుంది. దాని ముందూ వెనకా అడ్డంగా రెండు పుల్లలు ఉంటాయి. ఆ పుల్లలకు రబ్బరు బ్యాండ్లు తగిలించి రెక్క మీదుగా లాగి కడతాం. మేకులు, జిగురు వాడం. ఎక్కడైనా గుద్దుకుంటే రెక్క ఊడిపడాలి గానీ విరగకూడదు. కట్టాక తోక నుంచి రెక్క రెండు కొసలకూ దారం పట్టి చూడాలి. రెండు వైపులా ఒకే పొడవు వస్తేనే సరిగ్గా కూర్చున్నట్టు.

మిత్రుడు తోక దగ్గర దారం పట్టుకున్నాడు. ఎడమ పక్క కంటే కుడి పక్క ఒక వేలు తక్కువ వచ్చింది. రెక్కను కొంచెం జరిపాను. దారం సరిపోయింది గానీ, వెనక మూల గాడిలోంచి పైకి లేచింది. విప్పి మళ్ళీ కట్టినా అంతే. మొదట నా కంటినే అనుమానించాను. డిసెంబరులో శుక్లం ఆపరేషన్ అయింది.

"కొత్త కన్ను గదా అన్నా, పరేషాన్ చేస్తున్నది," అని నవ్వాడు మిత్రుడు. "పెండ్లిపిల్లకు గూడ గిన్ని కొలతలు తియ్యరు. కట్టెయ్ ఇగ."

"దారం గుంజుడు అయిపోతే చాయ్ తాగుదాం," అన్నాడు తమ్ముడు.

నేను కిందికి వెళ్ళి పాత డైరీ తెచ్చాను. రెక్క రెండు సగాలనూ కొసలు కాస్త పైకి లేచేలా అతికించిన నాటి కొలత అందులో ఉంది: ఎడమ సగం బల్లకు ఆనిస్తే కుడి కొస తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు. రెక్కను బల్ల మీద పెట్టి కొలిచాను. ఏడున్నర. చెక్క ఎండకు కాస్త వంగుతుందేమో గానీ అంత కుంగదు. నడిమి అతుకు మీద అంటించిన నీలం కాగితాన్ని గోటితో లేపాను. లోపల నేను పెట్టని చెక్కపట్టీ ఉంది, దాని చుట్టూ గడ్డకట్టిన జిగురు ఉంది.

"ఇదేంది?" అన్నాను.

వింత కనిపిస్తే ఎవరైనా తొంగి చూస్తారు. ఆ ముగ్గురిలో ఒక్కరూ తొంగి చూడలేదు.

"నువ్వు ఆపరేషనై పండుకున్నప్పుడు... ఊకె ఎట్ల లేస్తదో సూద్దామని తీస్కపోయినం," అన్నాడు మిత్రుడు చివరికి. "మస్తు లేసింది అన్నా. రెండు చక్కర్లు కొట్టింది. దిగేటప్పుడే గాలి గుంజింది."

"గుద్దుకుంటే రెక్క ఊడాలె గదా. ఎట్ల ఇరిగింది?"

"ఊడిపోతదేమోనని సుతిలి తాడు గూడ కట్టిన. బండికి పాల క్యాన్లు కట్టినట్టు."

"ఇసిరింది ఎవరు?"

"నేనే," అన్నాడు తమ్ముడు, చెప్పులవైపు చూస్తూ.

నా భార్య వైపు తిరిగాను. అడగాల్సిన అవసరం రాలేదు.

"నాకు ఆ దినమే తెల్సు," అంది. "కంటికి పట్టీ ఉండె. మనసు కష్టపెట్టొద్దనుకున్న. అయినా మీకు చెప్తే రాస్కుంటరు. రాస్కున్నది పదేండ్లైనా తీసి సదువుతరు. పాపం, గాయన గజగజ వణికిండు."

"వదినను ఏమనకు అన్నా. చెప్పొద్దని నేనే కాళ్ళు మొక్కిన," అన్నాడు మిత్రుడు.

నేను డిసెంబరు పుటలు తిప్పాను. డాక్టరు రాయవద్దన్న ఆ మూడు వారాలూ నేను చెబుతుంటే నా భార్య రాసింది. ఒక ఆదివారం కింద ఆమె గుండ్రటి అక్షరాలున్నాయి: "రోజు ప్రశాంతంగా గడిచింది. సాయంత్రం మిత్రుడు కోవా తెచ్చాడు. మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఇలాంటి మనిషి దొరకడం అదృష్టం." నా మాటలే అవి. నేను చెబుతూ ఉంటే, అంతా తెలిసి, ఒక్క అక్షరం కూడా తడబడకుండా రాసింది. విరిగిన రెక్క ముక్కలు అప్పుడు వెనక గల్లీలో పాల క్యాన్ల మధ్య ఉండి ఉంటాయి.

నలభై ఏళ్ళ డైరీల్లో తప్పు లెక్కలు ఉండవచ్చు. అబద్ధం ఉందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఎవరూ చాయ్ తాగలేదు.

ఆదివారం పొద్దున వెలుతురు రాగానే మేడ మీదికి వెళ్ళి, ఆ అతుకును సన్నటి రంపంతో కోసి రెక్కను రెండు సగాలు చేశాను. ఆరింటికి కింద స్కూటర్ ఆగింది. మిత్రుడు క్యాన్లు దించేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఎదురెళ్ళి రెక్క కోసేశానని చెప్పాను.

"మంచిది. ఇద్దరం కల్సి మల్ల అతికిద్దాం అన్నా," అన్నాడు. "ఈసారి నువ్వే ఇసురుదువు."

"ఈసారి అంటే రెండోసారి," అన్నాను. "అతికించుడు నేను చేసుకుంట. నువ్వు రాకు."

అతను నా వెనక నిలబడ్డ నా భార్యను ఒకసారి చూసి, స్కూటర్ వైపు తిరిగాడు. ఆమె లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకొచ్చేసరికి, అతను బండి స్టార్ట్ చేయకుండానే గల్లీ చివరిదాకా నెట్టుకుంటూ పోతున్నాడు. పిలవమన్నట్టు ఆమె నా ముఖంలోకి చూసింది. నేను పిలవలేదు.