షేడక్క రాసిన ఒక్క తప్పు చీటీ

రంగుల కార్ఖానాలో ఆమెను అందరూ షేడక్క అంటారు. కొత్తగా తయారైన రంగును గుడ్డముక్కకు అద్ది, పాత నమూనా పక్కన పెట్టి, రెండూ ఒకే షేడా కాదా అని తేల్చడం ఆమె పని. మెషీను ఉంది, అంకెలు చెబుతుంది. అయినా చివరి మాట షేడక్క కంటిదే. ఇరవైరెండేళ్ళలో ఆమె రాసిన చీటీ ఒక్కటీ తప్పు కాలేదు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా ఆమే చెబుతుంది.

ఆమె గదికి కిటికీ లేదు. గోడలు, బల్ల, ఆమె తొడుక్కునే కోటు అన్నీ బూడిదరంగే. ఒంటిమీద ముదురు రంగేదైనా ఉంటే దాని ఛాయ గుడ్డమీద పడి కన్ను మోసపోతుందని ఆ నియమం పెట్టింది ఆమే. ఒకసారి మేనేజరు ఎర్ర టై కట్టుకొస్తే గుమ్మంలోనే విప్పించింది.

ఇంత నిక్కచ్చి మనిషికి జబ్బు ఒక్కటే. తోటికోడలి బాగు చూడలేదు. ఆ చిన్నకోడలు నిన్నగాక మొన్న ఇంటికొచ్చి, ఆర్నెల్లకే అదే కార్ఖానాలో కెమిస్టుగా చేరింది. అక్కడ నారింజరంగును ఘాటైన ద్రావకంలో కాచేవాళ్ళు. ఆ షెడ్డులో పది నిమిషాలుంటే తల పగిలిపోయేది. షేడక్క భర్త పని అక్కడే. ఆయన బనీను ఎన్నిసార్లు ఉతికినా వాసన వదలదు. ఈ పిల్ల వచ్చి, బూజు నుంచి తీసిన ఎంజైమును గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ద్రావకం చుక్క లేకుండా అదే రంగు తీస్తానంది. మొదటి రెండుసార్లు రంగు వెలిసినట్టు వచ్చింది. షేడక్క రెండుసార్లూ కాదని రాసింది, రాసిన రోజున రెండు ముద్దలు ఎక్కువే తింది. మూడోసారీ కుదరకపోతే నీళ్ళ పద్ధతి మూసేసి, సోమవారం నుంచి పాత షెడ్డే నడుపుతామని మేనేజరు తేల్చి చెప్పాడు.

ఇంట్లో మాత్రం ఆ పిల్ల అప్పుడే గెలిచేసింది. అత్తగారు దాన్ని నెత్తిన పెట్టుకుంది. "మా చిన్నకోడలి రంగుతో కాలవలో చేపలు బతుకుతాయి" అని వీధంతా చెప్పుకుని, చిలకపచ్చ స్వెట్టరు అల్లి ఇచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న పెద్దకోడలికి ఆవిడ ఒక మఫ్లరయినా అల్లిన పాపాన పోలేదు.

మూడో పరీక్ష రోజు పొద్దున చలిగా ఉంది. చిన్నకోడలు అప్పటికే వెళ్ళిపోయింది, స్వెట్టరు కొక్కేనికి వేలాడుతోంది. ఒక్కరోజు వేసుకుంటే అరిగిపోతుందా అనుకుని షేడక్క తొడుక్కుంది. అద్దంలో చూసుకుంటే తనకే బాగుంది. దాంతో కడుపు ఇంకా మండింది.

కార్ఖానాలో కోటు మీదే మళ్ళీ స్వెట్టరు వేసుకుంది. చిన్నకోడలు చూడాలి, చూసి కిమ్మనకుండా ఉండాలి, అదే ఆమె ఆలోచనంతా. ఆ పిల్ల గుమ్మం దగ్గర స్వెట్టరు వంక ఒకసారి చూసి, గుడ్డముక్క అందించింది.

షేడక్క దీపం కింద పాత గుడ్డ అవతల, కొత్తది తన వైపు పెట్టింది. కొత్తది మసకబారి కనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే అలా కనిపించింది. సరిపోలేదని రాసి సంతకం చేసింది.

"మెషీను సరిపోయిందందక్కా. ఇంకోసారి చూస్తారా?"

"మెషీనుకు కళ్ళున్నాయా అమ్మాయ్? నేను చూశాగా."

ఆ మధ్యాహ్నం షేడక్కకు అన్నం అమృతంలా ఉంది. ఎదురు బల్ల దగ్గర ఆ పిల్ల డబ్బా మూతే తీయలేదు. బయట షెడ్డు వైపు ద్రావకం పీపాలు దొర్లిస్తున్నారు.

తిన్నాక ఉక్కగా అనిపించి, స్వెట్టరు విప్పి కుర్చీలో పడేసి, నమూనాలు సర్దబోయింది. దీపం కింద రెండు గుడ్డలూ ఒకటే రంగులో ఉన్నాయి. స్వెట్టరు తొడుక్కుని చూసింది. కొత్తది మసకబారింది. గుడ్డలు అటుది ఇటు, ఇటుది అటు మార్చింది. ఈసారి స్వెట్టరుకు దగ్గరైన పాతది మసకబారింది.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సోమవారానికి ఆ పిల్ల వైభోగం ముగిసిపోతుంది. షేడక్క ఆ తీపి చప్పరిస్తూ పది నిమిషాలు కూర్చుంది. తోటికోడలి మీద జాలి కలిగిందనుకుంటే పొరపాటు. మొగుడి బనీను కూడా గుర్తురాలేదు. ఆమెను పొడిచింది ఆ చీటీ. ఇరవైరెండేళ్ళలో మొదటి తప్పు చీటీ, కింద తన సంతకం. ఆ సంతకం కోసమే లేచింది.

మేనేజరు గదిలో చిన్నకోడలు కూడా ఉంది.

"సార్, పొద్దుటి చీటీ తప్పు. రంగు సరిపోయింది."

"మీరు తప్పు రాయడమేంటమ్మా?"

"కోటు మీద ఇది వేసుకుని చూశాను," అని చేతిలో స్వెట్టరు చూపించింది. "నాది కాదు. తనది. అడక్కుండా తీసుకున్నాను."

అక్కడే కొత్త చీటీ రాసిచ్చింది. చిన్నకోడలు అది చదువుకుని కళ్ళు తుడుచుకుంది. స్వెట్టరు అందుకోబోయి ఆగింది.

"మీరే ఉంచుకోండక్కా. నాకు పచ్చ నప్పదు. అత్తయ్యకు చెప్పలేకపోయాను."

నప్పదట. తను పాతికేళ్ళు ఎదురుచూసినదాన్ని ఆ పిల్ల అంత తేలిగ్గా ఇచ్చేసింది. షేడక్కకు ఒళ్ళు మండిపోయింది. అయినా తీసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి, ముందే చేరిన చిన్నకోడలు చెప్పగా అత్తగారికి అన్నీ తెలిసిపోయాయి. ఉన్ని ఉండలు ముందేసుకుని కూర్చుంది.

"చిన్నదానికి ఇంకోటి అల్లుతున్నానే. దానికి ఏ రంగు నప్పుతుందో నువ్వే చెప్పు. నీ కంటికి తిరుగులేదు కదా."

షేడక్క ఉండలన్నీ ఒక్కొక్కటే దీపం కింద పెట్టి చూసి, బూడిదరంగుది తీసి ఇచ్చింది.