శుక్రవారం ఎవరు బోర్లించాలి

పొద్దున బెల్లు మోగితే తలుపు తీశాను. ఆశా కార్యకర్త. మదనపల్లెలో మేముండేది మూడో అంతస్తు. పెరడూ లేదు, తొట్టీ లేదు. అయినా ఆ అమ్మాయి లోపలికొచ్చి ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూసింది, బాల్కనీలో మనీప్లాంటు సీసా నీళ్ళు కూడా నాచేత పారబోయించింది. శుక్రవారం డ్రై డే మేడం, మరిచిపోవద్దని చెప్పి పక్క ఫ్లాటుకు వెళ్ళింది. నేను ఖాళీ సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. శుక్రవారం నీళ్ళు పారబోయడమనే మాట వింటే చాలు, నాకు పుంగనూరులో మా అత్త పెరడు గుర్తొస్తుంది. ఆ వెంటనే పక్కింటి ఖాలా గుర్తొస్తుంది. ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు, ఆమెను వీధంతా అలాగే పిలిచేది.

అత్తంటే మా ఆయన తల్లి. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆమెతోనే ఉన్నాం. దోమలకు ఏ లోటూ చేయని పెరడు మాది. పెద్ద సిమెంటు తొట్టి, వాడకం పోయిన రోలు, రెండు అరటి చెట్లు, కరివేపాకు చెట్టు, ఎప్పటికైనా పనికొస్తాయని అత్త దాచిన పగిలిన బకెట్లు. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో నీళ్ళు పట్టిపెట్టుకోకపోతే గడవదు, పట్టిపెడితే వాటిలో సన్నటి పురుగులు తలకిందులుగా ఈదుతుండేవి. సాయంత్రమైతే అత్త మూకుడులో నిప్పులేసి వేపాకు పొగ పెట్టేది. ఆ పొగకు దగ్గుకుంటూ మేం వీధిలోకి వచ్చేవాళ్ళం, దోమలు మాత్రం నింపాదిగా ఇంట్లోనే ఉండేవి. కాసేపాగి మేమే మొహమాటంగా లోపలికి పోయేవాళ్ళం.

మా వీధిలో జ్వరాలు పెరిగాక ఒక ఆశా అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి ఇకనుంచి శుక్రవారం డ్రై డే అని చెప్పింది. అత్త సంతోషానికి అంతులేదు. ఆమెకు తెలిసిన డ్రై డే మందు అంగళ్ళు మూసే రోజు. వారం వారం మూస్తారా అని రెండుసార్లు అడిగి, నీ కడుపు సల్లగుండ అని ఆ అమ్మాయికి మజ్జిగ కూడా ఇచ్చింది. తీరా అది దోమలు పెరగకుండా నిల్వ నీళ్ళు పారబోసే రోజని తెలిశాక ముఖం మాడిపోయింది. శుక్రవారం పూట కుండా తొట్టీ ఖాళీ చేస్తే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా? కావాలంటే దోమలే ఉండనీ అంది. పక్కింటి ఖాలా ఇదంతా పిట్టగోడ మీదుగా వింటోంది. వాళ్ళది పరుపులు కుట్టే ఇల్లు, ఆమె తల మీద ఎప్పుడూ కాస్త దూది ఉండేది.

"మీరు బోర్లించొద్దులే అక్కా. మీకు లచ్చిమి, నాకు జుమ్మా. నా సేత్తో నేను బోర్లిస్తే మీకేం దోషం?" అంది.

ఈ ఏర్పాటు అత్తకు నచ్చింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం నమాజు వేళకు ముందే ఖాలా వెనక తలుపు నుంచి వచ్చేది. అత్త మెట్టు మీద గోడవైపు తిరిగి కూర్చునేది. తను చూడకపోతే తనకు తెలియనట్టే లెక్క. ఖాలా తొట్టి అడుగున గుడ్డ బిరడా లాగితే నీళ్ళు అరటి పాదుల్లోకి పోయేవి. రోలులో నీళ్ళు పాతగుడ్డతో అద్ది తీసేది. అత్త మాత్రం గోడకే చెప్పేది, కరివేపాకు చెట్టు కింద టెంకాయ చిప్పలు ఉండాయని, ఆ బకెట్టు కింద కూడా నీళ్ళు నిలిచుండాయని. పని అయ్యాక ఇటు తిరిగి, ఇప్పుడే వచ్చినట్టు ఖాలాను పలకరించేది. ఆ తర్వాత టీ, మాటలు. దోమలను ఖాలా మచ్ఛర్లు అనేది, కొన్నాళ్ళకు అత్త కూడా అదే అనసాగింది. దోమలు తగ్గిన మాట నిజం. అంతకంటే, గురువారం సాయంత్రం నుంచే అత్త ముఖంలో వచ్చే కళ నాకు బాగా తెలుసు. మామ పోయాక ఆమె మనసు విప్పి మాట్లాడింది ఖాలాతోనే.

ఖాలా కొడుకు కుప్పంలో పరుపుల అంగడి పెట్టుకుని తల్లినీ తీసుకుపోతానన్నాడు. వెళ్ళేరోజు అత్త ఒక గెల అరటికాయలు ఇచ్చి, కుప్పం ఎంత దూరమని, బస్సెక్కితే పోయేదే కదా అంది. బస్సు ఎక్కేది లేదని ఇద్దరికీ తెలుసు, ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఇంకొకరికి ఆయాసం.

ఆ వారం శుక్రవారం అత్త ఎప్పటిలాగే మెట్టు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరూ రాలేదు. చూడలేక నేనే దగ్గరికి వెళ్ళి, ఇకమీదట శనివారం చేసుకుందాం, వారానికోసారి ఏ రోజైనా చాలునట కదా అన్నాను.

అత్త గోడనుంచి చూపు తిప్పలేదు. "ఆ ఆశా పాప నాకు మొదట్లోనే సెప్పింది. శనివారమైతే మనమే సేసుకునేవాళ్ళం గదమ్మా. ఆమె యాల వచ్చేది?"

అత్త లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తన చేత్తోనే బిరడా లాగింది. నీళ్ళు పోతుంటే తేరిపార చూసింది. మధ్యాహ్నం కుప్పంనుంచి ఖాలా ఫోన్ చేసింది, తొట్టి ఎవరు ఖాళీ చేశారని.

"నేనే," అంది అత్త. "పొయ్యే లచ్చిమి ఎట్లాగూ కుప్పం పాయ గదా. ఇంక నాకు భయమేంటికి?"

ఖాలా ఫోన్ పెట్టేయలేదు. అత్త కూడా పెట్టేయలేదు.

అత్త పోయింది, ఆ ఇంటిని అద్దెకిచ్చాం. ఖాలా రంజానుకు ఫోన్ చేస్తుంది. పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. అత్త పేరు మాత్రం ఇద్దరం ఎత్తం. ఎత్తితే ఏడుస్తాం. గడుస్తున్న రోజు విలువ గడుస్తుండగానే తెలిసింది మా ముగ్గురిలో అత్త ఒక్కదానికే. మాకు అది గడిచిపోయాక తెలిసింది.