మందతో పోయిన పుస్తకాలు

మెర్సీకి ఎవరు ఏం చెప్పినా ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. పుట్టుకతో వచ్చిన గుణమో, పదేళ్ల సర్వే పని నేర్పిన గుణమో చెప్పలేం గానీ, కట్టంగూరు సంతలో వంకాయను కూడా నాలుగు వైపులా తిప్పి చూసిగానీ సంచిలో వేసుకోదు. తల్లి బిక్షమ్మ నెత్తి కొట్టుకుంటుంది. “రేపు నీకు మొగుణ్ణి తెస్తే వాణ్ణి గూడ గిట్లనే తిప్పి తిప్పి చూస్తవే” అంటుంది. “చూడకపోతె ఎట్లనే మరి?” అంటుంది మెర్సీ. ముప్పై నాలుగేళ్లొచ్చినా పెళ్లి వ్యవహారం ఆ తిప్పి చూడటం దగ్గరే ఆగి ఉంది.

బి.ఎడ్. చదివింది. టీచరు ఉద్యోగాల ప్రకటన కోసం చూసీ చూసీ కళ్లు కాయలు కాశాక, రోజుకూలీ మీద సర్వేల పనిలో దిగింది. ఒక ఏడు మరుగుదొడ్లు లెక్కపెట్టింది. ఇంకో ఏడు మర్రిగూడ వైపు ఇల్లిల్లూ తిరిగి, ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన పళ్లు లెక్కపెట్టింది. జనం ఎన్ని రకాలుగా అబద్ధాలాడతారో ఆమెకు తెలిసినంతగా పోలీసులకు కూడా తెలియదు. ఆ మాట ఆమే అంటుంది, కాస్త గర్వంగానే.

2023 ఫిబ్రవరిలో పుస్తకాల పని వచ్చింది. పరాయి దేశపు బ్యాంకు ఒకటి చదువుల కోసమని సర్కారుకు అప్పిచ్చింది. అందులోంచి చిన్న బడుల పిల్లలకు పాఠ్యపుస్తకాలతో పాటు తలా ఒక కథల పుస్తకం పంచారు. అప్పిచ్చినవాడు ఊరికే కూర్చుంటాడా? పుస్తకాలు నిజంగా పిల్లల చేతికి చేరాయా, చేరితే చదువుతున్నారా, అది తేల్చి చెప్పమన్నాడు. తేల్చే పని హైదరాబాదు సంస్థ ఒకటి తీసుకుంది. సంస్థ నుంచి సూపర్‌వైజరు నరేశ్‌కు, నరేశ్ నుంచి మెర్సీకి దిగి వచ్చేసరికి అంత పెద్ద మదింపూ పలకంత ట్యాబులో ఇమిడిపోయింది. పుస్తకాన్ని కంటితో చూడాలి. చూస్తే ‘ఉంది’ అని నొక్కాలి, చూడకపోతే ‘లేదు’ అని నొక్కాలి. తర్వాత పిల్లలతో ఒక పేజీ చదివించాలి. నూటికి డెబ్బై అయిదు పుస్తకాలు కనబడ్డ బడికి మరుసటి ఏడు కొత్త పుస్తకాలొస్తాయి. తక్కువైతే ఆ బడి పేరు జాబితాలోంచి పోతుంది.

మర్రిగూడ మండలంలో, ఆటో కూడా సగం దాకే వచ్చే ఒక కురుమల ఊళ్లో బడి ఆమె వంతుకొచ్చింది. ఒకటే గది, ఒకడే సారు. పేరు రామచంద్రం. యాభై ఏళ్ల మనిషి, పై అధికారి పేరు చెబితే చాలు కూర్చున్నవాడు లేచి నిలబడే రకం. మెర్సీ రాగానే క్యాన్ నీళ్లు తెప్పించాడు, పుస్తకాల రిజిస్టరు ముందు పెట్టాడు.

“ముప్పై ఒకటొచ్చినయి మేడం. ఇరవై ఈడున్నయి. పదకొండు గొర్లతోని పోయినయి.”

“దేనితోని?”

“గొర్లతోని మేడం. ఈడ మేత అయిపోంగనే మందలు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు తోలుకపోతరు. ఇంట్ల ముసలోళ్లు గూడ ఉండరు, పిల్లల్ని ఎవ్వలికాడ ఇడిసిపెడతరు? ఎంటనే తీస్కపోతరు. పుస్తకాలు నేనే ఇచ్చి పంపిన. మల్ల వానలు పడ్డంకనే వచ్చేది.”

మెర్సీ నవ్వింది. “అందరు గిట్లనే చెప్తరు సార్. మొన్న ఒకాయన పుస్తకాలు వరదల కొట్టుకపోయినయన్నడు. ఆ ఊర్ల తాగనీకే నీళ్లు లేవు.”

రామచంద్రం మొహం మాడిపోయింది. “నేను అబద్ధమాడుతున్న అనుకుంటున్నరా?” అన్నాడు. మంద పెద్ద గుర్వమ్మ ఫోన్ నంబరిచ్చాడు. చేస్తే స్విచాఫ్. ఇరవై పుస్తకాలు చూసి ఇరవై సార్లు ‘ఉంది’ నొక్కింది. నూటికి అరవై నాలుగు. మిగిలిన పదకొండూ ‘లేదు’ అని నొక్కి లేచిపోతే ఎవరూ తప్పు పట్టరు. కానీ అబద్ధమైతే అది అబద్ధమని తేలాలి గదా! సగం తేలిన సంగతి ఆమెకు కడుపులో అరగదు. గడువు ఇంకా మూడు రోజులుంది. ఫారం మూయకుండా ట్యాబు సంచిలో పెట్టుకుంది.

మరునాడు ఆదివారం. తెల్లారకముందే బయల్దేరుతుంటే బిక్షమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

“ఆరాధనకు రాకుంట గొర్ల కాడికి పోతవానే?”

“ప్రభువు గూడ గొర్లనే దేవులాడిండు గదనే అమ్మా” అని మెర్సీ బస్సెక్కింది. దయతో పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. సారు అబద్ధాన్ని పట్టుకుందామనే పోయింది.

నాలుగు బస్సులు మారి కొల్లాపూర్ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కణ్ణుంచి ఆటోలో నది దాకా పోయింది. నీళ్లు వెనక్కి జరిగిన చోట ఒడ్డంతా పచ్చగడ్డి. వందల గొర్రెలు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే మర్రిగూడ వాళ్ల మంద చూపించారు. వలలు కట్టిన దొడ్డి పక్కన ఒక ముసలామె గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని పాలసీసా పట్టిస్తోంది. ఆమే గుర్వమ్మ.

“అవ్వా, రామచంద్రం సారు పంపిండు. పిల్లలకాడ పుస్తకాలున్నయంట?”

గుర్వమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “గుంజుకపోనీకొచ్చినవా బిడ్డా?”

“కాదవ్వా, చూసి పోత.”

“చూసి పోనీకే గింత దూరమొచ్చినవా? నీకేం పని లేదా?” అని, మనవరాల్ని కేకేసింది. నాలుగో తరగతి సుస్మిత గుడారంలోంచి గొంగడి మూట మోసుకొచ్చింది. మంచుకు తడవకుండా పుస్తకాలన్నీ అందులో చుట్టి పెట్టారు. మెర్సీ లెక్కపెట్టింది. పదకొండు. ప్రతి పుస్తకం అట్ట మీదా ఎర్రమట్టి జాజుతో వేసిన గుర్తు. ఒకదానికి అడ్డగీత, ఒకదానికి రెండు చుక్కలు, ఒకదానికి మూలన ముద్ర.

“గివేందే?”

“మా గొర్లకు ఏసే గుర్తులు మేడం. అన్ని పుస్తకాలు ఒక్క తీరుగనే ఉంటయి గద, కలిసిపోతయని మా తాత ఏసిండు” అంది సుస్మిత.

మెర్సీకి సిగ్గేసింది. తన పదేళ్ల తెలివి ఆ జాజు ముందు దేనికీ పనికిరాలేదు. పదకొండు ఫొటోలు తీసింది. పదకొండు సార్లు ‘ఉంది’ నొక్కింది. ఒక పేజీ చదవమంటే సుస్మిత పుస్తకం తెరవకుండానే కథ మొత్తం అప్పజెప్పింది. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే గుర్వమ్మ అందించింది.

“నీకెట్ల తెలుసవ్వా? చదువుకున్నవా?”

“నాకేడ చదువు? ఇది రోజు పొద్దుమీకి చదువుతది. మా మందల కుక్కకు గూడ నోటికొచ్చింది గా కథ. ఒక్కటే కథ ఎన్నిసార్లు ఇంటం బిడ్డా? కొత్త పుస్తకం ఎప్పుడిస్తరు?”

అది మెర్సీ ట్యాబులో లేని ప్రశ్న. “ఒస్తదవ్వా” అంది. అన్నాక, ఆ మాట నిలబెట్టే శక్తి తనకు లేదని గుర్తొచ్చి తిరుగు ప్రయాణమంతా కుదురుగా కూర్చోలేకపోయింది.

ఫారం పంపిన మరుసటి రోజే నరేశ్ ఫోన్ చేశాడు.

“మెర్సీ, బడి మర్రిగూడల ఉంటే నీ పదకొండు పుస్తకాలు కొల్లాపూర్ల కనబడుతున్నయి. ట్యాబు ఎర్రగ చూపెడుతాంది. ఏంది సంగతి?”

“పుస్తకాలు ఆడనే ఉన్నయి అన్నా. పిల్లలు ఆడనే ఉన్నరు.”

“గొర్ల మందల బడేంది? బడికి అరకిలోమీటర్ లోపట చూస్తెనే లెక్క. గవి ‘లేదు’ అని మార్చి పంపు.”

నరేశ్ చెడ్డవాడేం కాదు. హోటల్లో చాయ్ తాగుతూ పది బళ్ల ఫారాలు నింపేసే ఘనులు ఉండబట్టే ఆ నిబంధన పెట్టారు. వాళ్లలో ఇద్దరిని పట్టించింది మెర్సీయే. అయినా ఈసారి ఆమెకు ఒళ్లు మండింది.

“కంటితోని చూడమన్నరు, చూసిన. చూసినదాన్ని లేదని ఎట్ల రాయాలె?”

“మార్చకపోతె బడి ఫారం మొత్తం కొట్టేస్తరు. తర్వాత నీ పేరు గూడ.”

“కొట్టెయ్యమను.”

అన్నట్టే కొట్టేశారు. పట్టికలో ఆ బడి ఎదుట ‘వివరాలు లేవు’ అని పడింది. తర్వాతి సర్వేకు మెర్సీని పిలవలేదు. వాట్సాప్ గుంపులోంచి తీసేశారు కూడా. ఆమె నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి చేరింది. రోజూ బస్సులో పోయి వస్తూ, తను మొండికేసినందుకు పిల్లలకు పుస్తకాలు కూడా పోయాయేమోనని లోలోపల కుమిలింది. ఆ దిగులు తల్లికి కూడా చెప్పలేదు.

మరుసటి జనవరిలో ఒక సాయంత్రం ఆమె బస్సులో ఇంటికి వస్తుండగా రామచంద్రం సారు ఫోన్ వచ్చింది. గొంతులో పండగ.

“మేడం, పుస్తకాలొచ్చినయి! తక్కువొచ్చిన బళ్లకే ఆపిండ్రంట. మా లెక్కనే లేదు గద, గందుకని మా పేరు తీయలె. ముప్పై కొత్తయి!”

మెర్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సులో అందరూ చూస్తున్నా తుడుచుకోలేదు. “సుస్మిత చదివిందా సార్? వాళ్లవ్వ ఏమన్నది?”

“ఇంకా ఎవ్వలికి ఇయ్యలె మేడం” అన్నాడాయన, మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు. “పోయినసారి మీరొచ్చినంక నాకు తెలివొచ్చింది. మీరు గనక కొల్లాపూర్ దాక పోయిండ్రు, అందరు పోతరా? ముప్పై పుస్తకాలు బీరువల పెట్టి తాళమేసిన. ఈసారి ఎవ్వలొచ్చి లెక్కపెట్టినా నూటికి నూరు!”

మెర్సీ ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించింది. “మందలు ఎప్పుడు పోతయి?”

“రేపు పొద్దుగాల్నే.”

“తాళం తీయుండ్రి సార్.”

“మల్ల లెక్క తక్కువొస్తె మేడం?”

“రానీయుండ్రి.”

“మెమో నాకొస్తది, మీకు రాదు గద” అన్నాడు రామచంద్రం మెల్లగా. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. ఆ భయం ఆయనలో పెట్టింది ఎవరో కాదు, వరద కథ చెప్పి నవ్విన తనే. అది గుర్తొచ్చి మెర్సీకి తన మీద తనకే రోత పుట్టింది.

“సార్, నేను గా రోజు మిమ్మల్ని నమ్మలె. తప్పు నాది. రిజిస్టర్ల నా పేరు రాయుండ్రి. మెర్సీ చెప్తె ఇచ్చిన అని రాసి, నా ఫోన్ నంబరు గూడ రాయుండ్రి. ఎవ్వలడిగినా నాతోని మాట్లాడమనుండ్రి.”

“మీరిప్పుడు సర్వేల లేరు గద మేడం?”

“పుస్తకం ఏడున్నదో చెప్పేటందుకు నౌకరి గావాల్నా సార్?”

ఆయన ఫోన్ పెట్టేశాడు. తీస్తాడో తీయడో తెలియక ఆమెకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున ఏడింటికి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. రిజిస్టరులో పేజీ. రామచంద్రం సారు గుండ్రటి అక్షరాలు. కింద సంతకం, తేదీ, బడి ముద్ర అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. మెర్సీ ఫోన్‌ను దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

‘పదకొండు పుస్తకములు మెర్సీ మేడం గారు చెప్పిన మీదట ఇవ్వడమైనది. ప్రస్తుతం బడిలో లేవు. పిల్లల దగ్గర ఉన్నవి.’