వడ్లు కొరికిన పళ్ళు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఊరి బడిలో ఐదు దాకే చదివాను. ఫోన్‌లో వేలు ఒకచోట పెడితే అక్షరం ఇంకోచోట పడుతుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లులో చాలా ఏళ్ళు వడ్లు కొరికి, ఎంత ఆరాయో చెప్పేవాడిని. ఈ రోజు మా తమ్ముడి మనవరాలు శ్రావణి కోదాడ కాలేజీ నుంచి వచ్చింది. ఆ పని చేసే ఫజీ న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ బుర్రను తయారుచేస్తోందట.

“ఉత్తగ నేర్పితే దానికి శానా వడ్లు సూపియ్యాలె తాతా. నీకు తెలిసింది ముందే పెడితే జల్ది నేర్చుకుంటది,” అంది.

“టక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగుంటే జర ఆరాలె,” అన్నాను.

“జర అంటే ఎంత?”

“జర అంటే జరే బిడ్డా.”

“గదే గావాలె! గిసొంటి అటూ ఇటూ గాని మాటలే దీనికి పెడ్తం,” అని నవ్వుతూ రాసుకుంది. తెచ్చిన పది పొట్లాల వడ్లూ నాతో కొరికించింది. అన్నీ టక్కుమన్నాయి. అన్నీ ఎండినవేనని చెప్పాను.

ఆమె బస్సెక్కాక పళ్ళు తీసి కడుగుతుంటే తట్టింది. ఇవి పోయిన నెల పెట్టించుకున్న కట్టుడు పళ్ళు. వీటి కింద పచ్చి వడ్లూ టక్కుమంటాయేమో! చెప్పిన మాట పాత పళ్ళది, కొరుకుడు కొత్త పళ్ళది. దేన్ని నమ్మాలో నాకే తెలియడం లేదు, పాపం ఆ కంప్యూటర్‌కేం తెలుస్తుంది?

రేపు పొద్దున్నే శ్రావణి దానికి ఇవన్నీ నేర్పుతుందట. ఫోన్ చేసి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీరైతే ఏం చేస్తారు? తెల్లారేలోపే జవాబు రాయండి.